మసాజ్ థెరపీని వృత్తిగా ఎంచుకునేవారికి: శిక్షణ, చేతుల రక్షణ, పని చోటు, లెక్కలు

మర్దన నేర్చుకోవడం ఆరు నెలల పని. ఆ పనిలో ఇరవై ఏళ్ళు నిలబడటం మాత్రం వేరే విద్య. ఈ రంగం వదిలేసేవాళ్ళు తరచుగా చెప్పే కారణాలు రెండు. ఒకటి, బొటనవేళ్ళూ మణికట్లూ పాడవడం. రెండోది, చేరిన చోటు మంచిది కాకపోవడం. ఈ రెండింటినీ కోర్సుల్లో పైపైన చెప్పి వదిలేస్తారు కాబట్టి ఇక్కడ వాటి గురించే ఎక్కువగా రాస్తున్నాం.

పని ఎక్కడ దొరుకుతుంది

తెలుగు రాష్ట్రాల్లో ఈ పనికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి. ఆయుర్వేద ఆసుపత్రులు, ప్రకృతి చికిత్సాలయాలు మొదటి దారి. ఇక్కడ వైద్యులు రాసిన చికిత్సను మీరు చేస్తారు. జీతం స్థిరంగా ఉంటుంది, టిప్పులు తక్కువ. రెండోది హోటళ్ళు, రిసార్టులు, డే స్పాలు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతిల్లో ఇవి ఎక్కువ. జీతానికి తోడు ఒక్కో సెషన్‌కు ఇన్సెంటివ్, పైన టిప్పులు వస్తాయి. మూడోది ఇళ్ళకు వెళ్ళి చేసే పని. బాలింతలకూ పసిబిడ్డలకూ ఒళ్ళు పట్టి స్నానం చేయించడం ఇందులో పెద్ద భాగం. అర్బన్ కంపెనీ లాంటి యాప్‌ల ద్వారా వచ్చే పని కూడా ఇందులోకే వస్తుంది. నాలుగోది క్రీడలు: అకాడమీలు, మారథాన్ బృందాలు, ఐపీఎల్ జట్లు. అవకాశాలు తక్కువ, పోటీ ఎక్కువ. ఇక్కడ శరీర నిర్మాణం గురించి గట్టి చదువు లేనివాళ్ళను దగ్గరికి రానివ్వరు.

కొత్తవాళ్ళకు మా సలహా ఇది: మొదటి ఏడాది ఆయుర్వేద ఆసుపత్రిలోనో, ప్రకృతి చికిత్సాలయంలోనో చేయండి. జీతం తక్కువే. అయినా రకరకాల ఒళ్ళు చేతికి తగులుతాయి: పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళు, కీళ్ళవాతం ఉన్నవాళ్ళు, డెబ్భై దాటినవాళ్ళు. పక్కనే వైద్యులు ఉంటారు. ఏ ఒంటిని ముట్టుకోకూడదో అక్కడ నేర్చుకున్నంత బాగా మరెక్కడా నేర్చుకోలేరు.

కోర్సు ఎంచుకోవడం

మన దేశంలో మసాజ్ థెరపిస్టుకు ప్రత్యేకమైన లైసెన్సు చట్టం లేదు. అందుకే వారం రోజుల వర్క్‌షాపు సర్టిఫికెట్ నుంచి ఏడాది డిప్లొమా దాకా అన్నీ మార్కెట్లో ఉన్నాయి. వీటిలో బరువున్నవి కొన్నే. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఇచ్చే అసిస్టెంట్ స్పా థెరపిస్ట్, స్పా థెరపిస్ట్ అర్హతలు జాతీయ నైపుణ్య చట్రంలోకి వస్తాయి. ఆసుపత్రి దారిలో వెళ్ళాలంటే పంచకర్మ టెక్నీషియన్ కోర్సు మేలు. ఇప్పటికే పని చేతిలో ఉండి కాగితం మాత్రమే లేనివాళ్ళు ఆర్పీఎల్ పద్ధతిలో, అంటే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే దారిలో సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. పెద్ద హోటళ్ళు, క్రూయిజ్ ఓడలు సిడెస్కో, ఐటెక్ అనే అంతర్జాతీయ సంస్థల డిప్లొమాలను గౌరవిస్తాయి. వాటి ఫీజు ఎక్కువ కాబట్టి ఆ ఉద్యోగాలకే వెళ్తామని గట్టిగా అనుకున్నాకే కట్టండి.

ఫీజు కట్టేముందు శిక్షణ కేంద్రానికి వెళ్ళి ఒక పూట కూర్చోండి. ముగ్గురు విద్యార్థులకు కనీసం ఒక టేబుల్ ఉందా? నేర్పేవాళ్ళు స్వయంగా చేతులు పెట్టి చూపిస్తున్నారా, వీడియో వేసి వదిలేస్తున్నారా? కోర్సు పూర్తయ్యేలోగా పర్యవేక్షణలో ఎన్ని పూర్తి మర్దనలు చేయిస్తారు? మా లెక్కలో వందకు తగ్గితే ఆ సర్టిఫికెట్‌తో పనిలోకి దిగడం తొందరపాటు. కండరాల పేర్లు నేర్పుతున్నారో లేదో కూడా కనుక్కోండి. ట్రపీజియస్, లెవేటర్ స్కాప్యులే, రాంబాయిడ్లు, ఎరెక్టర్ స్పైనే, క్వాడ్రాటస్ లంబోరమ్, పిరిఫార్మిస్: ఈ ఆరూ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటాయో కళ్ళు మూసుకుని చేత్తో పట్టుకోగలిగితే వీపు నొప్పితో వచ్చే సగంమందికి ఎక్కడ చేయాలో మీకు తెలిసినట్టే.

థాయ్ మసాజ్, హాట్ స్టోన్, రిఫ్లెక్సాలజీ లాంటివి తర్వాత చేర్చుకోవచ్చు. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయం బడి 1955 నుంచి నడుస్తోంది. అక్కడి 30 గంటల ప్రాథమిక కోర్సు చేసినవాళ్ళకు స్పాల్లో విలువ ఉంది. అయితే చేతులు కుదురుకోకముందే వెళ్తే డబ్బు దండగ.

కోర్సు అయ్యాక కార్డు మీద ‘డాక్టర్’, ‘ఫిజియో’ అని వేసుకోకండి. ఫిజియోథెరపిస్టులు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పరిధిలో ఉన్నారు, వాళ్ళ చదువు వేరు. ఫలానా తైలంతో పక్షవాతం, మధుమేహం, ఊబకాయం నయమవుతాయని ప్రకటన వేసినా 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద కేసు పడుతుంది.

చేతులు పది కాలాలు ఉండాలంటే

ముందు టేబుల్ ఎత్తు. టేబుల్ పక్కన నిటారుగా నిలబడి చేయి వదిలేయండి. పిడికిలి బిగిస్తే వేళ్ళ కణుపులు టేబుల్‌ను తాకే ఎత్తు మామూలు మర్దనకు సరిపోతుంది. లోతుగా నొక్కాల్సిన పనికి, భారీ శరీరానికి ఇంకో 4, 5 సెంటీమీటర్లు దించాలి. స్పాల్లో జరిగే పొరపాటు ఏమిటంటే, ఐదడుగుల అమ్మాయికీ ఆరడుగుల అబ్బాయికీ ఒకే ఎత్తు బెడ్డు. ఎత్తు ఎక్కువైతే ఒంటి బరువు పడదు, భుజాలతో నొక్కాల్సి వస్తుంది, ఆరు నెలల్లో మెడ పట్టేస్తుంది. బెడ్డు దించే వీలు లేకపోతే కింద 10 సెంటీమీటర్ల గట్టి చెక్కపీట వేసుకుని నిలబడండి. కదలని పీట అయి ఉండాలి, దాని మీద నూనె పడకుండా చూసుకోవాలి.

రెండోది నిలబడే తీరు. ఒక కాలు ముందు, ఒకటి వెనుక. ముందు మోకాలు కొద్దిగా వంగాలి, వెనుక మడమ నేలను నెట్టాలి. ఒత్తిడి ఆ మడమ నుంచి నడుము మీదుగా చేతిలోకి రావాలి. మోచేయి దాదాపు చాచే ఉంటుంది కానీ బిగుసుకుని ఉండదు. సరిగ్గా చేస్తున్నారో లేదో తేల్చుకోవడం తేలిక: గంట మర్దన అయ్యాక తొడలు అలిసిపోతే మంచిది. ముంజేతులు అలిసిపోతే పద్ధతి తప్పింది.

మూడోది బొటనవేలు. కొత్తవాళ్ళు ప్రతి గడ్డనూ బొటనవేలి కొసతో గుచ్చుతారు, వేలి మొదటి కణుపు వెనక్కి విరుచుకుంటుంది. అలా రోజుకు వందల సార్లు నొక్కితే బొటనవేలి మొదట్లో ఉన్న కీలు అరిగిపోతుంది. బొటనవేలు వాడక తప్పనప్పుడు దాన్ని ముంజేతి ఎముకకు సూటిగా, తిన్నగా ఉంచి, పక్కన నాలుగు వేళ్ళనూ పిడికిలిగా ఆనించండి. రెండో చేతి అరచేయి పైన వేసి ఆ చేత్తో నొక్కండి. కింది బొటనవేలు చోటు చూపిస్తుంది, పై చేయి బరువు వేస్తుంది. మిగతా పనికి అరచేతి మడమ (మణికట్టు పక్కన ఉండే మందపాటి భాగం), కణుపులు, ముంజేయి, మోచేయి వాడాలి. వీపు మర్దనలో బొటనవేలి వాటా పదో వంతు దాటకుండా చూసుకోండి.

ఒక ఉదాహరణ చూద్దాం. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పనిచేసేవాళ్ళకు రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చోక తప్పదు. వచ్చిన ప్రతివాళ్ళూ మెడ పక్కన చేయి పెట్టి ‘ఇక్కడే’ అంటారు. ఎక్కువసార్లు అది మెడ నుంచి భుజం పలక దాకా ఉండే లెవేటర్ స్కాప్యులే కండరం. భుజం పలక ఎముకకు పైన, వెన్ను వైపు ఒక మూల ఉంటుంది. క్లయింట్ బోర్లా పడుకుని చేయి వీపు మీద పెట్టుకుంటే ఆ మూల పైకి లేచి తేలిగ్గా దొరుకుతుంది. దానికి వేలెడు పైన అడ్డంగా తడిమితే తాడులా ఒకటి వేళ్ళ కింద జారుతుంది. మొదట ఆ చుట్టుపక్కలంతా అరచేత్తో రెండు మూడు నిమిషాలు వేడెక్కించండి. తర్వాత చూపుడువేలు కణుపు తాడు మీద నిలిపి, నెమ్మదిగా బరువు వేసి, 30 నుంచి 60 సెకన్లు అలాగే ఉంచండి. రుద్దకండి. నొప్పి పదికి ఎంత ఉందో అడగండి. ఆరుకు మించకూడదు. కాసేపటికి కణుపు కింద మెత్తబడినట్టు తెలుస్తుంది, అప్పుడు మెడ వైపు పొడవుగా ఒక మర్దన ఇచ్చి వదలండి. ఒక్కో వైపు మూడు సార్లు చాలు. కొత్తవాళ్ళు అదే చోట పావుగంట గుచ్చుతారు. మర్నాడు కమిలి, మెడ తిప్పలేక, ఆ మనిషి మళ్ళీ రాడు.

రోజుకు గంట సెషన్లు నాలుగు, మించితే ఐదు. మధ్యలో పావుగంట విరామం ఉండాలి. ఏడెనిమిది చేయించే స్పాలున్నాయి. మొదటి నెల ఇన్సెంటివ్ బాగుంటుంది, ఆపైన రాత్రిపూట వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలవుతుంది. బొటనవేలి వైపు మణికట్టులో పోటు, పొద్దున లేవగానే వేళ్ళు మొద్దుబారడం, సీసా మూత తిప్పలేకపోవడం: ఈ మూడింటిలో ఏది కనిపించినా లోతు మర్దనలు ఆ రోజే ఆపి ఎముకల వైద్యుణ్ణి కలవండి. మొదట్లో రెండు మూడు వారాల విశ్రాంతితో తగ్గేది, సాగదీస్తే ఆపరేషన్ దాకా పోతుంది.

చేయి వేసేముందు అడగాల్సినవి

ఒక పేజీ ఫారం చాలు. ఇప్పుడున్న నొప్పి, వాడుతున్న మందులు, ఆపరేషన్లు, ఎముకలు విరగడం, బీపీ, షుగర్, గుండె జబ్బు, క్యాన్సర్, గర్భం, చర్మ సమస్యలు, నూనెలతో అలర్జీ. రాయించుకోవడంతో సరిపెట్టకండి, పక్కన కూర్చుని అడగండి. ‘మందులేమైనా వాడుతున్నారా అండీ?’ అంటే లేదనేస్తారు. ‘పొద్దున్నే ఏ మాత్ర వేసుకుంటారండీ?’ అని అడిగితే చెబుతారు.

అసలు చేయకూడని సందర్భాలు ఇవి: జ్వరం, అంటుకునే చర్మవ్యాధి, తెరిచిన గాయం, కొత్తగా విరిగిన ఎముక, అదుపులో లేని బీపీ, తాగి రావడం. అన్నిటికన్నా ప్రమాదకరమైంది కాలి లోపలి నరంలో రక్తం గడ్డకట్టడం. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి, నొక్కితే నొప్పి అంటే ఆ కాలును ముట్టుకోకండి. మర్దనతో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ప్రాణం పోతుంది. ఇటీవల ఆపరేషన్ అయినవాళ్ళు, బాలింతలు, అమెరికా నుంచి పదహారు, ఇరవై గంటలు విమానంలో కూర్చుని దిగినవాళ్ళు ‘కాళ్ళు లాగుతున్నాయి’ అంటే ముందు రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే నేరుగా ఆసుపత్రికి పంపించండి.

నడుము నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం ఉన్నా అంతే, అది అత్యవసరం.

జాగ్రత్తగా చేయాల్సినవాళ్ళు మరికొందరు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకు లోతు మర్దన చేస్తే ఒళ్ళంతా కమిలిపోతుంది, తేలికగా చేయాలి. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. ‘వేడి సరిపోయిందా?’ అని అడిగితే ‘సరిపోయింది’ అంటారు, ఈలోగా బొబ్బ లేచి ఉంటుంది. వాళ్ళకు వేడి రాళ్ళు, వేడి మూటలు వద్దు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళకు వాళ్ళ వైద్యుల రాతపూర్వక అనుమతి కావాలి. గర్భిణులను ఐదో నెల దాటాక వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టకూడదు. ఎడమవైపు తిప్పి, మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒక చిన్న దిండు పెట్టి చేయాలి. మెడ ముందు భాగం, చంక, గజ్జ, మోకాలి వెనుక గుంట: ఈ నాలుగు చోట్లా ఎవరికైనా సరే గట్టిగా నొక్కకూడదు. ఉబ్బిన నరాల మీద నేరుగా చేయకూడదు. వాగ్భటుడి అష్టాంగహృదయం కూడా కఫం పెరిగినవాళ్ళకు, శోధన చికిత్స (వాంతి, విరేచనాల లాంటివాటితో ఒంటిని శుభ్రం చేసేది) అయినవాళ్ళకు, అజీర్తి ఉన్నవాళ్ళకు అభ్యంగం, అంటే ఒళ్ళంతా నూనె మర్దన, వద్దనే చెబుతుంది. అన్నం తిని గంటన్నర గడవనివాళ్ళకు పొట్ట మీద చేయకండి.

గంట సెషన్ ఇలా పంచుకోండి

బోర్లా: వీపు, నడుము 18 నిమిషాలు, కాళ్ళ వెనుక చెరో 6. వెల్లకిలా: కాళ్ళ ముందు భాగం చెరో 4, చేతులు చెరో 4, మెడ భుజాలు 8, తల 4. తిప్పడానికి, తుడవడానికి 2. ఇది పునాది. నొప్పి ఉన్న చోటికి అదనంగా ఇవ్వాలంటే ఎక్కడ తగ్గిస్తున్నారో ముందే చెప్పండి. ‘మెడకు ఎక్కువ చేస్తాను, చేతులకు తగ్గిస్తాను, సరేనా అండీ?’ అని అడిగితే తర్వాత ఫిర్యాదు ఉండదు.

చేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్ళంతా షీటు కిందే ఉండాలి. తిప్పేటప్పుడు షీటు అంచును పైకెత్తి, మొహం పక్కకు తిప్పుకుని పట్టుకోవాలి. వెన్నెముక మీద ఎప్పుడూ నొక్కకూడదు. దానికి రెండు వేళ్ళు ఎడంగా, ఇరువైపులా ఉన్న కండరాల మీదే. నడుము నుంచి భుజం దాకా ఒక సాగు ఐదారు సెకన్లు పట్టాలి. వేగంగా చేసేవాళ్ళ చేతిలో ఒళ్ళు వదులవదు. కాళ్ళూ చేతులకు ఒత్తిడి గుండె వైపు వేయాలి, తిరుగు చేయి తేలిగ్గా రావాలి. క్లయింట్ కాలివేళ్ళు ముడుచుకున్నా, ఊపిరి బిగబట్టినా, నోటితో ‘బాగుంది’ అన్నాసరే ఒత్తిడి తగ్గించండి.

ఏసీ 25, 26 డిగ్రీల కంటే తగ్గితే నూనె రాసిన ఒళ్ళు వణుకుతుంది. పైగా కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డ కట్టడం మొదలవుతుంది. సీసాను వేడినీళ్ళ గిన్నెలో ఉంచండి. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట గోరువెచ్చగా, మరోచోట చుర్రుమనేలా ఉంటుంది. ముందు మీ మణికట్టు మీద చుక్క వేసుకోవాలి.

‘మర్దనతో విషాలన్నీ బయటికి పోతాయి’ అని చెప్పే అలవాటు స్పాల్లో ఉంది. అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు. బిగుతు తగ్గుతుంది, నిద్ర పడుతుంది, నొప్పి కొన్నాళ్ళు ఉపశమిస్తుంది. ఈ మాటలే చెప్పండి, ఇవి చాలు.

నూనె, గుడ్డలు

స్వీడిష్ పద్ధతికి ఒంటికి 30, 40 మి.లీ. నూనె సరిపోతుంది. అభ్యంగానికి 80 నుంచి 100 మి.లీ. పడుతుంది. నుదుటి మీద తైలం ధారగా పోసే శిరోధారకు లీటరు నుంచి లీటరున్నర తైలం, 38–40 డిగ్రీల వేడి, పాత్ర రంధ్రం నుదుటికి నాలుగంగుళాల ఎత్తులో, అంటే నాలుగు వేళ్ళ వెడల్పంత. అంగుళమంటే ఇక్కడ స్కేలు మీది అంగుళం కాదు. శాస్త్రంలో చెప్పే వేలి వెడల్పు. ఎత్తు పెరిగితే ధార నుదుటి మీద కొట్టినట్టు పడి తలనొప్పి తెస్తుంది. ధన్వంతరం, క్షీరబల, మహానారాయణ లాంటి మందు తైలాలు వైద్యులు చెప్పినప్పుడే వాడాలి. సువాసన తైలాలు చుక్కల లెక్కన కలుపుకోవాలి: 30 మి.లీ. నూనెకు 12 చుక్కలు, అంటే 2 శాతం. ముఖానికి 6 చుక్కలు దాటకూడదు.

టవళ్ళకు నూనె కంపు పట్టడం అందరికీ ఎదురయ్యే సమస్య. వాడిన రోజే వేడినీళ్ళలో గుప్పెడు వాషింగ్ సోడా వేసి గంట నానబెట్టి, తర్వాత 60 డిగ్రీల్లో ఉతకాలి. మిషన్‌లో ఆరబెట్టిన నూనె గుడ్డలను వేడివేడిగా మడతపెట్టి గుట్టగా పేర్చకండి. గుడ్డలో మిగిలిన నూనె లోలోపల వేడెక్కి దానంతట అదే మంట అంటుకోవచ్చు. ఎండలో ఆరేస్తే ఈ బాధ లేదు. ఒక్కో క్లయింట్‌కు రెండు షీట్లు, రెండు పెద్ద టవళ్ళు, ఒక చిన్న టవల్ లెక్కన, రోజుకు నలుగురైతే మూడు రోజుల సరుకు ఉంచుకోవాలి: 24 షీట్లు, 24 పెద్ద టవళ్ళు, 12 చిన్నవి.

బాలింత, పసిబిడ్డ

ఈ పనికి గిరాకీ తగ్గదు. ఒకే ఇంట్లో వరుసగా నలభై రోజుల పని, మంచి పేరు వస్తే పక్క అపార్ట్‌మెంట్ల నుంచి పిలుపులు. మన ఇళ్ళలో ఏడో నెల, తొమ్మిదో నెలలోనే మాట్లాడి పెట్టుకుంటారు. ఇందులో పాతతరం పద్ధతులు కొన్ని మానాలి. బిడ్డ ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పసిపిల్లల రొమ్ములు పిండకూడదు, చీము పట్టే ప్రమాదం ఉంది. తల ఆకారం కోసం నొక్కడం, కాళ్ళు పట్టి తలకిందులుగా ఊపడం వద్దు. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు. అమ్మమ్మలు పట్టుబడతారు. వాదించకుండా ‘పిల్లల డాక్టరుగారిని ఒక్కమాట అడుగుదాం అమ్మా’ అనండి.

బిడ్డకు టీస్పూను కొబ్బరినూనె, పదిహేను నిమిషాలు, పాలు తాగిన ముప్పావుగంట తర్వాత. ఫ్యాను ఆపి, మీ చేతులు వెచ్చగా ఉన్నాకే మొదలుపెట్టాలి. నలుగుపిండి గట్టిగా రుద్దితే ఆ లేత చర్మం దద్దుర్లెక్కుతుంది. బొడ్డు ఊడేదాకా అక్కడ నూనె తగలనివ్వకండి. తల్లికి సిజేరియన్ అయితే కుట్లు పూర్తిగా మాని, వైద్యులు సరే అనేదాకా, మామూలుగా ఆరు వారాలు, పొట్ట మీద చేయి వేయకూడదు. వీపు, కాళ్ళు, తల ముందే చేయవచ్చు, అదీ వైద్యుల మాట తీసుకుని.

చేరేముందు స్పాను పరిశీలించండి

స్పా పేరుతో వ్యభిచారం నడిపే చోట్లున్నాయి, పోలీసు దాడులూ జరుగుతుంటాయి. దాడి జరిగితే అమాయకంగా చేరిన థెరపిస్టులు కూడా అవమానం పడతారు. కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు మీరూ వాళ్ళను చూడండి. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు గోడకు ఉందా? క్లయింట్ల రిజిస్టరు ఉందా? గదికి లోపలి నుంచి తాళం పడుతుందా? పడకూడదు. రిసెప్షన్‌లో కెమెరా ఉండాలి, మర్దన గదిలో అసలు ఉండకూడదు. జీతం బ్యాంకులో వేస్తారా? మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్ తమ దగ్గర పెట్టుకుంటామంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. రేటు పట్టికలో ‘స్పెషల్’ లాంటి అర్థంకాని పేర్లున్నా, ఇంటర్వ్యూలో పని గురించి అడగకుండా ఫొటో అడిగినా అంతే.

క్లయింట్ హద్దు మీరితే ఏం చేయాలో చేరిన రోజే మేనేజరుతో మాట్లాడుకోండి. చేయి తీసేసి, రెండడుగులు వెనక్కి జరిగి, ‘సెషన్ ఇక్కడితో ఆపేస్తున్నాను’ అని చెప్పి బయటికి రావాలి. డబ్బు వాపసు ఇవ్వాలా వద్దా అన్నది మీ తలనొప్పి కాదు. జరిగింది తేదీ, సమయంతో సహా ఆ రోజే రాసిపెట్టండి. మహిళలకు 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం రక్షణ ఉంది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి, అంతకన్నా తక్కువ ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు ప్రతిసారీ అడ్రసు, మొదలుపెట్టే సమయం, ముగిసే సమయం ఇంట్లో ఒకరికి పంపి, బయటికొచ్చాక మళ్ళీ ఒక మెసేజ్ పెట్టాలి.

సొంతంగా చేసేవారి లెక్క

మడత టేబుల్ కొంటే వెడల్పు 70 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. బరువు 15 కిలోల లోపు ఉంటే బండి మీద పెట్టుకుని, లిఫ్టు లేని మూడంతస్తులు మోయవచ్చు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, అది ఉంటే బ్యాంకు లోనుకు ఉపయోగం. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అవసరం రాదు.

ధర పెట్టేటప్పుడు గంట మర్దన చూసి లెక్కేస్తే నష్టపోతారు. ఉదాహరణకు ఇంటికి వెళ్ళి చేస్తే 1,500 రూపాయలు అనుకుందాం. నూనె, టిష్యూలు 80, ఉతుకు 60, పెట్రోలు 100, టేబుల్ అరుగుదలకు 60: మొత్తం 300. మిగిలేది 1,200. సమయం మాత్రం గంట కాదు. టేబుల్ వేయడం, తీయడం అరగంట, రానుపోను గంట, మొత్తం రెండున్నర గంటలు. అంటే గంటకు 480. రోజుకు మూడు, నెలకు 24 రోజులు వేసుకుంటే 72 బుకింగులు, వాటిలో ఆరింట ఒకటి రద్దయితే 60. చేతికి వచ్చేది 72,000. ఇదే పని కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ వెళ్ళి చేస్తే రోజుకు రెండే పడతాయి. అందుకే ఇంటికి 5, 6 కిలోమీటర్ల లోపే పేరు తెచ్చుకోవాలి, దూరం వెళ్తే ప్రయాణం విడిగా తీసుకోవాలి. నాలుగు గంటల ముందు చెప్పకుండా రద్దు చేస్తే సగం డబ్బు అన్న నియమం బుకింగ్ మెసేజ్‌లోనే రాయండి.

విదేశాలకు వెళ్ళేవారికి

గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు విజిట్ వీసా మీద ఎక్కకండి. పని వీసా కాగితం మీద హోదా ఏం రాసుందో చూసుకోండి. థెరపిస్టు అని చెప్పి ఇంటిపనికి తీసుకెళ్ళిన ఉదంతాలున్నాయి. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర (పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) పడదు, ఆ ఒక్క సర్టిఫికెట్ చాలా అడ్డంకులు తీసేస్తుంది. రిక్రూటింగ్ ఏజెంటు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైనవాడో కాదో చూసి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు, ముందు అక్కడ అడగడం మంచిది.

అమెరికాలో లెక్క పూర్తిగా వేరు. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని మర్దన చేయడం నేరం. టెక్సస్‌లో 500 గంటల చదువు, న్యూయార్క్‌లో 1,000 గంటలు కావాలి. ఎక్కువ రాష్ట్రాలు ఎంబ్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష అడుగుతాయి, న్యూయార్క్‌కు సొంత పరీక్ష ఉంది. హెచ్-4 వీసాతో (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తగా) ఉన్నవాళ్ళు కోర్సు చదవవచ్చు కానీ ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, లేకుండా పని చేయకూడదు, ఇంట్లో తెలిసినవాళ్ళకు డబ్బు తీసుకుని చేసినా అది పనే. ఇక్కడ చదివిన గంటలు లెక్కలోకి వస్తాయో లేదో ఆ రాష్ట్రం బోర్డే తేలుస్తుంది కాబట్టి, వెళ్ళేముందే శిక్షణ కేంద్రం నుంచి ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటలో విడివిడిగా రాసి, ముద్ర వేసిన పత్రం తీసుకుని పెట్టుకోండి.